గ్రీటింగ్ కార్డులు, శుభలేఖల దుకాణం: కొత్త యంత్రం కొనాలా, పాత పద్ధతిలోనే సాగాలా?

ప్రశ్న
అడిగినవారు: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1980లలో మొదలుపెట్టిన చిన్న దుకాణాన్ని కొంతకాలంగా నేను చూసుకుంటున్నాను. గ్రీటింగ్ కార్డులు, శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, వాటికి తోడు కొంత స్టేషనరీ అమ్ముతాం. వెనుక గదిలో ఒక మినీ ఆఫ్‌సెట్ యంత్రం, స్క్రీన్ ప్రింటింగ్ బల్ల ఉన్నాయి. కంపోజింగ్‌కు ఒక కంప్యూటర్, అందులో అను అనే తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఉన్నాయి.

డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి దాకా దుకాణం ముందు పందిరి వేసి, బల్లలు పరిచి, కార్డులను తాళ్లకు క్లిప్పులతో వేలాడదీసి అమ్మిన కాలం మా ఊళ్లో చాలామందికి గుర్తుంది. గులాబీలు, సూర్యోదయాలు, సినిమా తారలు, క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులను పిల్లలు దాచుకున్న చిల్లర డబ్బులతో కొనేవారు. ఉద్యోగస్తులు మాత్రం ఒకే రకం కార్డులను కట్టలుగా తీసుకుని కార్యాలయ మిత్రులందరికీ పంపేవారు. ఆ అమ్మకం ముందు ఎస్సెమ్మెస్‌ల వల్ల సన్నగిల్లింది, వాట్సాప్ వచ్చాక దాదాపుగా నిలిచిపోయింది. ఇప్పుడు మా అరల్లో ఉన్న కార్డుల్లో పుట్టినరోజువి, పెళ్లిరోజువి మాత్రమే అప్పుడప్పుడు కదులుతున్నాయి.

శుభలేఖల పరిస్థితి వేరు. పెళ్లి ఉన్న ఏ కుటుంబమూ అసలు కార్డు వద్దని చెప్పడం లేదు. అయితే వెనుక వెయ్యి కార్డులు వేయించిన కుటుంబమే ఇప్పుడు వందో నూటయాభయ్యో చాలంటోంది. మిగతావారికి వాట్సాప్‌లో పంపడానికి ఒక పీడీఎఫ్, పాటతో కూడిన ఒక చిన్న వీడియో చేసి ఇమ్మంటోంది. ఆ వీడియో మా దగ్గర కాకపోతే ఊళ్లో మరెక్కడో, అక్కడా కాకపోతే ఇంట్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడి ఫోన్‌లోనే తయారవుతోంది.

ఈ మధ్య ఒక డీలరు వచ్చి, ప్లేట్లు (అచ్చు బొమ్మ ఉండే లోహపు రేకులు) అవసరం లేని డిజిటల్ ప్రింటింగ్ యంత్రం తీసుకోమని, అప్పు తామే ఇప్పిస్తామని చెబుతున్నారు. నా సందేహం యంత్రం గురించి మాత్రమే కాదు. సాంకేతికత వల్ల ఈ పరిశ్రమ మొత్తంగా కుంచించుకుపోతోందా, లేక ఒక చోట తగ్గి ఇంకో చోట పెరుగుతోందా అన్నది తెలిస్తే తప్ప ఇంత పెద్ద నిర్ణయం తీసుకోలేను. ఈ రంగంలో ఉన్నవారు, ఇతర దేశాల్లో ఈ మార్పును చూసినవారు తమ అనుభవం చెప్పగలరా?


జవాబు 1
రాసినవారు: ట్రెడిల్ నుంచి టోనర్ దాకా (హైదరాబాద్)

యంత్రం సంగతికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అన్నిటికంటే తొందరగా మెడకు చుట్టుకునేది అప్పే. ఇప్పుడే కొనవద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తాను.

ఆఫ్‌సెట్‌లో బహువర్ణ చిత్రం అచ్చు వేయాలంటే నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు చేయించాలి, వాటిని యంత్రానికి బిగించాలి, రంగు రంగు మీద సరిగ్గా కూర్చునేదాకా కొంత కాగితం వృథా పోనివ్వాలి. ఈ ఖర్చు వంద కార్డులకైనా పదివేల కార్డులకైనా ఒకటే. కార్డుల సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కో కార్డు మీద పడే భారం తగ్గుతుంది. గ్రీటింగ్ కార్డుల పరిశ్రమ పెరిగిందే ఈ లెక్క మీద: ఒకే బొమ్మ లక్షల్లో అచ్చవుతుంది, దేశమంతటా అవే గులాబీలు అమ్ముడవుతాయి. శివకాశి ఇంత పెద్ద అచ్చు కేంద్రమైందీ ఈ లెక్క వల్లనే. 1920లలో అక్కడ అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైంది, వాటికి లేబుళ్లు కావలసి వచ్చి అచ్చు యంత్రాలు వచ్చాయి, ఆ యంత్రాల మీద క్యాలెండర్లు, డైరీలు, గ్రీటింగ్ కార్డులు, శుభలేఖలు వచ్చాయి. ఈనాటికీ మన నమూనా ఆల్బమ్‌లలో కనిపించే శుభలేఖలు చాలావరకు శివకాశి నుంచో, ఢిల్లీలోని చావ్డీ బజార్ నుంచో తయారై వస్తాయి. పేర్లు, ముహూర్తం, వేదిక ఉన్న మ్యాటర్‌ను మాత్రం మనం స్క్రీన్ మీదో మినీ ఆఫ్‌సెట్ మీదో వేసి ఇస్తాం.

డిజిటల్ యంత్రానికి ప్లేటు లేదు. మొదటి కార్డుకు ఎంత ఖర్చో నూరో కార్డుకూ అంతే. పైగా ప్రతి కార్డు మీదా వేరే మాట, వేరే బొమ్మ అచ్చు వేయవచ్చు. మీరు చెప్పిన వంద, నూటయాభై కార్డుల పనికి ఇది సరిగ్గా సరిపోతుంది. సాంకేతికత ఈ పరిశ్రమలో ఏం చేసిందని అడిగితే, నా సమాధానం ఇదే: కార్డును తీసేయలేదు, ఒకేలాంటి కార్డుల గుట్టను తీసేసింది. మీ దుకాణం భవిష్యత్తును ఈ వాక్యం నుంచి ఆలోచించండి.

మరి కొనవద్దని ఎందుకంటున్నాను? ఆ యంత్రాన్ని నడిపే ఖర్చు కొన్న ధరతో ఆగదు. ప్రతి అచ్చుకూ క్లిక్ చార్జీ ఉంటుంది, సర్వీస్ ఒప్పందం ఉంటుంది, అది ఏడాది పొడుగునా తిరిగితేనే గిట్టుబాటవుతుంది. మనకేమో ముహూర్తాలున్న నెలల్లో ఊపిరాడదు, మూఢంలోనూ శూన్యమాసంలోనూ పని ఉండదు. అందుచేత ముందు మీ ఊళ్లోనో కాకినాడలోనో ఇప్పటికే డిజిటల్ యంత్రం ఉన్నవారితో మాట్లాడుకుని, వారి దగ్గర జాబ్ వర్కుగా వేయించండి. రెండు పెళ్లిళ్ల సీజన్లు గడిచాక మీకు నెలకు ఎన్ని అచ్చులు పడుతున్నాయో స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు డీలరుతో కూర్చుంటే లెక్క మీ చేతిలో ఉంటుంది.

డీలరు చెప్పని కొన్ని పరిమితులు కూడా మీకు తెలియాలి. టోనర్‌తో (డిజిటల్ యంత్రం వాడే పొడి సిరాతో) వేసిన ముదురు రంగు మడత దగ్గర పగులుతుంది, కాబట్టి మడతకు ముందు క్రీజింగ్ (మడత గీతను నొక్కి ఉంచడం) తప్పనిసరి. గరుకు కాగితం, చేతితో చేసిన కాగితం, మెరుపు కాగితం టోనర్‌ను అంతటా ఒకేలా పట్టుకోవు. సాధారణ డిజిటల్ యంత్రంలో బంగారు రంగు ఉండదు, మన శుభలేఖకు బంగారు రంగు లేకపోతే కుదరదు. దానికి బ్లాకు పెట్టి వేడితో ఫాయిల్ (మెరుపు రేకు) అంటించే పాత పద్ధతి ఉండనే ఉంది. టోనర్ మీద ఫాయిల్ అంటుకునేలా చేసే చిన్న యంత్రాలూ వచ్చాయి. ఆ చిన్న యంత్రం ఒకటి, మంచి క్రీజింగ్ యంత్రం ఒకటి తీసుకోవడానికి మాత్రం నేను అడ్డు చెప్పను. అచ్చు ఎక్కడ వేయించినా, చివరి మెరుగులు మీ గదిలోనే జరిగితే పనితనం మీద మీ ముద్ర ఉంటుంది.

మీ స్క్రీన్ బల్లను అమ్మకండి. ముదురు రంగు కాగితం మీద తెలుపు, బంగారం, వెండి రంగులు నిండుగా పడాలంటే దానికి సాటి వచ్చేది ఇప్పటికీ తక్కువే. నేను పనిచేసేది ఛత్తా బజార్ పరిసరాల్లో. ఒకప్పుడు ఇక్కడ కాతిబులు చేతితో రాసిన ఉర్దూ అక్షరాలే శుభలేఖల మీదకు ఎక్కేవి. 1990లలో ఉర్దూ కంపోజింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ కళకారుల చేతిలోని పనిని చాలావరకు లాగేసుకుంది, అది నాకు ఈనాటికీ బాధగానే ఉంటుంది. అచ్చు పని మాత్రం ఈ వీధుల్లో ఆగలేదు. ఒక సాంకేతికత వచ్చినప్పుడు పరిశ్రమలో అందరికీ ఒకే గతి పట్టదు. ఎవరి పని పోతుంది, ఎవరి పని మారుతుంది అన్నది విడివిడిగా చూడాలి.


జవాబు 2
రాసినవారు: ఎర్ర డబ్బా (ఒంగోలు)

నేను తపాలా శాఖలో పనిచేసి విరమించాను. పై జవాబులో అచ్చు వైపు చక్కగా చెప్పారు. కార్డును చేరవేసే వైపు కూడా కొంత చెప్పాలనిపించింది.

గ్రీటింగ్ కార్డు ఒక పరిశ్రమగా పుట్టిందే సాంకేతికత వల్ల. బ్రిటన్‌లో 1840లో పెన్నీ పోస్ట్ వచ్చి, దూరంతో సంబంధం లేకుండా ఒక పెన్నీకే ఉత్తరం చేరడం మొదలైన మూడేళ్లకు, అంటే 1843లో, హెన్రీ కోల్ అనే అధికారి జాన్ కాల్కాట్ హార్స్లీ చేత బొమ్మ వేయించి వెయ్యి క్రిస్మస్ కార్డులు అచ్చు వేయించి, కార్డు ఒక షిల్లింగ్ చొప్పున అమ్మించాడు. ఆ తపాలా సంస్కరణలో కోల్ స్వయంగా పనిచేసినవాడు. చేరవేసే ఖర్చు తగ్గినప్పుడే శుభాకాంక్షలు వస్తువుగా మారాయన్నమాట. ఆ ఖర్చు ఇంకా తగ్గి సున్నా అయినప్పుడు అవి మళ్లీ వస్తువు కాకుండా పోవడంలో ఆశ్చర్యం లేదు.

మన దేశంలో ఇది దశలవారీగా జరిగింది. కవరు మూత అంటించకుండా లోపలికి మడిచి, పైన బుక్ పోస్ట్ అని రాసి, తక్కువ బిళ్లతో గ్రీటింగ్ కార్డులు పంపడం మీ నాన్నగారి తరానికి బాగా తెలుసు. జనవరి మొదటి వారంలో ఆ సంచులు సార్టింగ్ గదిలో గుట్టలుగా పడేవి, సిబ్బంది అదనపు గంటలు పనిచేసేవారు. తొందరగా చేరాలంటే గ్రీటింగ్ టెలిగ్రామ్ ఉండేది: పండుగకు, పెళ్లికి, పుట్టినరోజుకు ముందే నిర్ణయించిన వాక్యాలకు సంఖ్యలు ఉండేవి, సంఖ్య పంపితే అవతలి కార్యాలయంలో వాక్యంగా రాసి అందించేవారు. మన టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ముగిసింది. ఉత్తరాల కాలానికీ వాట్సాప్‌కూ మధ్య ఎస్సెమ్మెస్ దశ ఒకటి వచ్చింది. పండుగ రోజుల్లో ఉచిత ఎస్సెమ్మెస్ ప్యాకులు చెల్లవని, ప్రతి సందేశానికీ డబ్బు కట్టాలని కంపెనీలు నిబంధన పెట్టేవి. జనం ముందు రోజు రాత్రే శుభాకాంక్షలు పంపేసేవారు. పండుగనాడు పలకరించడానికి మనిషి ఖర్చు పెడతాడన్న సంగతి ఆ కంపెనీలకు బాగా తెలుసు. వాట్సాప్ వచ్చి ఆ చివరి ఖర్చును కూడా తీసేసింది.

ఫలితం మీకు తెలిసిందే. ఉదయం శుభాకాంక్షల బొమ్మలతో భారతదేశంలో ఫోన్లు నిండిపోతున్నాయని గూగుల్ గమనించి, వాటిని ఏరి తొలగించే సదుపాయాన్ని తన ఫైల్స్ యాప్‌లో పెట్టిందని 2018లో పత్రికలు రాశాయి. ఒకరు పంపిన శుభాకాంక్షను ఎదుటివారి ఫోన్ చెత్తగా గుర్తించి తీసేస్తున్న స్థితి ఇది. కాగితపు కార్డుకు మిగిలిన బలం ఇక్కడే ఉందని నా నమ్మకం: దాన్ని ఒక మనిషి పేరు మీద పంపుతారు, ఆ మనిషి దాన్ని చేత్తో విప్పుతాడు.

శుభలేఖ విషయానికి వస్తే, కొన్ని పనులకు ఇంకా కాగితమే కావాలి. నాలుగు మూలలా పసుపు రాసిన మొదటి శుభలేఖ దేవుడి దగ్గర పెట్టడం, మేనమామ ఇంటికి, వియ్యాలవారి పెద్దల ఇళ్లకు స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి ఇవ్వడం వీడియోతో జరిగే పనులు కావు. తిరుమల తిరుపతి దేవస్థానానికి శుభలేఖ పంపితే స్వామివారి ఆశీస్సులుగా అక్షతలు, కుంకుమ తపాలాలో రావడం చాలా కుటుంబాలకు అనుభవమే. మీ దగ్గర వేయించే ఆ వంద, నూటయాభై కార్డులు ఇలాంటి ఇళ్లకు వెళ్లేవి. ఆ సంఖ్య ఇంకా కొంత తగ్గవచ్చు గానీ, అంతకన్నా కిందికి దిగని ఒక హద్దు దానికి ఉంది.


జవాబు 3
రాసినవారు: థేమ్స్ తీరం (రెడింగ్, ఇంగ్లండ్)

ఇతర దేశాల సంగతి అడిగారు కాబట్టి రాస్తున్నాను. నేను చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడివారు కార్డులు ఇచ్చిపుచ్చుకోవడంలో ప్రపంచంలోనే ముందుంటారు. పుట్టినరోజుకు, పరీక్ష పాసైనందుకు, కొత్త ఇంటికి, ఆఖరికి బడిలో టీచరుకు కృతజ్ఞత చెప్పడానికి కూడా కార్డు కొంటారు. అందువల్ల సాంకేతికత తెచ్చిన మార్పు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటి దశలో అందరూ ఇంటర్నెట్‌లో పంపే ఈ-కార్డులే భవిష్యత్తు అనుకున్నారు. అమెరికాలో బ్లూ మౌంటెన్ అనే ఈ-కార్డుల సైటును 1999లో ఎక్సైట్ ఎట్ హోమ్ కంపెనీ సుమారు 78 కోట్ల డాలర్లకు కొన్నది. రెండేళ్లకే, 2001లో, పాత తరం కార్డుల సంస్థ అమెరికన్ గ్రీటింగ్స్ దాన్ని సుమారు 3.5 కోట్ల డాలర్లకు తీసుకుంది. కోట్లమంది ఉచితంగా వాడుకునేదానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు అప్పట్లో ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. వీడియో శుభలేఖ మీద మీరు ఎంత ఆశ పెట్టుకోవాలో తేల్చుకునేటప్పుడు ఈ చరిత్రను గుర్తు పెట్టుకోండి.

నిలబడింది రెండో దశ. 2000లో నిక్ జెంకిన్స్ స్థాపించిన మూన్‌పిగ్ కాగితపు కార్డులనే అమ్మింది, కానీ కొనేవారు సైటులో తమ ఫోటో, తమ మాటలు పెట్టుకుంటే ఆ ఒక్క కార్డునే అచ్చు వేసి తపాలాలో పంపింది. మొదటి జవాబులో చెప్పిన డిజిటల్ అచ్చు లేకపోతే ఈ వ్యాపారం సాధ్యమయ్యేది కాదు. ఆ సంస్థ 2021లో లండన్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో నమోదైంది. మరోవైపు వీధుల్లో వందలాది దుకాణాలున్న క్లింటన్ కార్డ్స్ 2012లోనే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అయితే దుకాణాలన్నీ పోయాయనుకోవడం కూడా సరికాదు: తక్కువ ధరకు అమ్మే కార్డ్ ఫ్యాక్టరీ దుకాణాలు ఇప్పటికీ ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, ఆ సంస్థే 2025లో ఫంకీ పిజియన్ అనే ఆన్‌లైన్ కార్డుల సంస్థను కొనుక్కుంది. దుకాణం, వెబ్‌సైటు రెండూ ఒకే చేతికి రావడం ఇక్కడి తాజా ధోరణి.

ఇక్కడివారిని ఇప్పుడు ఎక్కువ కలవరపెడుతున్నది తపాలా ఖర్చు. ఫస్ట్ క్లాస్ బిళ్ల ధర 2024 అక్టోబరులో 1.65 పౌండ్లకు, మరుసటి ఏప్రిల్‌లో 1.70 పౌండ్లకు పెరిగింది. చవక దుకాణంలో కార్డు ఖరీదు కన్నా దాన్ని పంపే ఖర్చే ఎక్కువవుతోంది. డెన్మార్క్‌లో అయితే జాతీయ తపాలా సంస్థ 2025 చివరితో ఉత్తరాల బట్వాడానే మానేసింది. తపాలా చవకగా ఉన్నప్పుడు పుట్టిన పరిశ్రమ ఇది అని పైన పెద్దాయన రాసిన మాట చదువుతుంటే నాకు ఇదే తోచింది.

మీ దుకాణానికి పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను. మూన్‌పిగ్ లాంటి సంస్థలకు అసలు ఆస్తి అచ్చు యంత్రాలు కావు, కొనుగోలుదారులు తమంతట తాము నమోదు చేసుకున్న తేదీలు. అమ్మ పుట్టినరోజు ఫలానా రోజు అని ఒకసారి పెట్టుకుంటే, ఏటా ఆ రోజుకు ముందే గుర్తు చేస్తారు, ఆ గుర్తు చేయడం నుంచే మళ్లీ కొనుగోలు జరుగుతుంది. మీ దగ్గర శుభలేఖ వేయించుకున్న ప్రతి జంట పెళ్లి తేదీ మీ దస్త్రాల్లో ఇప్పటికే ఉంది! ఆ కుటుంబం అనుమతి అడిగి, రాసి తీసుకుని, మొదటి పెళ్లిరోజుకు ముందు ఒక్క సందేశం పంపి, వారి పెళ్లి ఫోటోతో ఒక కార్డు చేసి ఇస్తామని చెప్పి చూడండి. అనుమతి అడగడం మర్యాద మాత్రమే కాదు. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతిని కోరుతుంది. ఫంకీ పిజియన్ మీద 2022లో సైబర్ దాడి జరిగి కొద్ది రోజులు ఆర్డర్లే ఆపుకోవలసి వచ్చింది. ఇళ్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు మన దగ్గర ఉంచుకున్నప్పుడు వాటి బాధ్యత కూడా మనదే.

ఇంకొక చిన్న మాట. ఇక్కడి దుకాణాల్లో దీపావళి కార్డు అప్పుడప్పుడు దొరుకుతుంది గానీ, తెలుగులో ఉగాది కార్డు, బారసాల కార్డు నేను ఎక్కడా చూడలేదు. మా మిత్రులు ఇండియాలో ఎవరి చేతనైనా బొమ్మ చేయించుకుని, ఇక్కడి సైటులో ఎక్కించి అచ్చు వేయించుకుంటున్నారు. అచ్చు ఇక్కడే జరుగుతుంది కనుక తపాలా సమస్య లేదు. మంచి తెలుగు అక్షరాలతో ఉన్న డిజైన్ ఫైలుకు మా లాంటివారు సంతోషంగా డబ్బు ఇస్తారు.


గోదావరి గట్టు (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. యంత్రం కొనే ఆలోచన వాయిదా వేసి, కాకినాడలో జాబ్ వర్కుకు మాట్లాడుకుంటున్నాను. పెళ్లిరోజు కార్డు ఆలోచన నాకు చాలా నచ్చింది. అనుమతి కోసం ఆర్డరు ఫారంలోనే ఒక గడి పెడతాను.

ఒక సమస్య మాత్రం మిగిలింది. ఈ మధ్య చాలామంది కృత్రిమ మేధ యాప్‌లో చేయించిన బొమ్మను ఫోన్‌లో తెచ్చి, దీన్నే శుభలేఖగా వేయమంటున్నారు. బొమ్మ చూడముచ్చటగానే ఉంటుంది, కానీ అందులోని తెలుగు అక్షరాలు తెలుగే కావు. మరికొందరు వాట్సాప్‌లో మ్యాటర్ పంపుతారు, దాన్ని మా కంప్యూటర్‌లో పెడితే గడులు గడులుగా కనిపిస్తుంది. వీడియో, పీడీఎఫ్ మాత్రం కార్డులతో పాటు ఉచితంగా ఇమ్మంటారు. డిజైన్ పని చేసేవారు ఎవరైనా దీని గురించి చెప్పగలరా?


జవాబు 4
రాసినవారు: ఒత్తు, గుడి, దీర్ఘం (విజయవాడ)

నేను శుభలేఖలకూ డిజిటల్ ఆహ్వానాలకూ డిజైన్లు చేస్తాను. మీరు అడిగినవి మూడు వేర్వేరు సమస్యలు. మొదట గడుల సంగతి.

వాట్సాప్‌లో వచ్చే మ్యాటర్ అన్ని ఫోన్లకూ కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో ఉంటుంది. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టుకున్న పద్ధతి మీద నడుస్తాయి, కాబట్టి ఒకదానిలోది ఇంకొకదానిలో నేరుగా కనిపించదు. మార్పిడి చేసే ఉపకరణాలు ఉన్నాయి గానీ, వాటితో మార్చిన ప్రతి పేరునూ మళ్లీ చదవవలసిందే. మీరు నెమ్మదిగా యూనికోడ్‌కు మారిపోవడమే మంచిది. అడోబీ వారి పాత ఫోటోషాప్‌లోనూ ఇలస్ట్రేటర్‌లోనూ టైప్ సెట్టింగులలో దక్షిణాసియా లిపుల ఐచ్ఛికాన్ని ఎంచుకుంటేనే ఒత్తులు తమ చోట కూర్చుంటాయి, లేకపోతే విడిపోతాయి. ఈ ఒక్క సెట్టింగు తెలియక యూనికోడ్ పనికిరాదని వదిలేసినవారిని నేను చాలామందిని చూశాను. అచ్చుకు పనికొచ్చే యూనికోడ్ ఫాంట్లు మనకు ఇప్పుడు కరువు లేవు. సిలికానాంధ్ర అనే తెలుగు సాంస్కృతిక సంస్థ చొరవతో వచ్చిన ధూర్జటి, రామరాజ, మండలి, సురవరం, గిడుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపార అవసరాలకూ వాడుకోవచ్చు. శీర్షికకు ఒకటి, మ్యాటర్‌కు ఒకటి ఎంచుకుని ఒక చిన్న నమూనా పుస్తకం చేసి బల్ల మీద పెట్టండి.

కృత్రిమ మేధ బొమ్మల గురించి నాకు ఏ వ్యతిరేకతా లేదు. మండపం, అరటి చెట్లు, మామిడి తోరణాల నేపథ్యాలను అది వేగంగా వేసి ఇస్తుంది. కానీ ఈ యాప్‌లలో చాలావాటికి అక్షరం కూడా ఒక బొమ్మే. క కింద ర ఒత్తు ఎందుకు వస్తుందో వాటికి తెలియదు, ఆకారాన్ని అనుకరిస్తాయి అంతే. కొత్తగా వస్తున్నవి కొంత మెరుగ్గా రాస్తున్నాయి, అయినా ఇంటిపేర్ల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర నమ్మలేం. అందుకని బొమ్మను అక్షరాలు లేకుండా చేయించుకుని తెమ్మని చెప్పండి, తెలుగును మీరు ఫాంటుతో దాని మీద పెట్టండి. అలాగే ఫోన్‌లో అందంగా కనిపించే బొమ్మ అచ్చుకు సరిపోకపోవచ్చు; 5 అంగుళాల వెడల్పున్న కార్డుకు కనీసం 1,500 పిక్సెళ్ల వెడల్పు ఉంటేనే అంగుళానికి 300 చుక్కల నాణ్యత వస్తుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపమనండి. ఫోన్ తెర మీది మెరిసే నీలం, ఆకుపచ్చ రంగులు అచ్చులో కాస్త మందగిస్తాయని కూడా ముందే చెప్పి, ఒక ప్రూఫ్ (నమూనా అచ్చు) మీద సంతకం తీసుకోండి.

ఇంకొక జాగ్రత్త. బాపు గారి సీతారామ కళ్యాణం బొమ్మలు లేని తెలుగు శుభలేఖల ఆల్బమ్ ఉండదు. ఆయన 2014లో కన్నుమూశారు. మన కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడి మరణానంతరం 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికింది కదా అని ఆ బొమ్మను తీసి వాడటం, ఆయన శైలిలో వేయమని యాప్‌ను అడిగి ఆ పేరు చెప్పి అమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. మీ జిల్లాలోనే బొమ్మలు వేసే యువతీయువకులు ఉంటారు. వారి చేత నాలుగైదు మూల చిత్రాలు వేయించుకుని, వాడుక హక్కు కాగితం మీద రాయించుకుంటే, ఆ ఆల్బమ్ శివకాశిలోనూ దొరకదు, యాప్‌లోనూ దొరకదు.

ఇక ఉచితం సంగతి. కాన్వా లాంటి డిజైన్ సాధనాలు వచ్చాక టెంప్లేటులో పేర్లు మార్చడానికి ఎవరూ డబ్బు ఇవ్వరు, ఇవ్వమని అడగడమూ సబబు కాదు. కాబట్టి మీరు వీడియోకు విడిగా ధర చెప్పవద్దు. కార్డు, దానితో సరిపోయే పీడీఎఫ్, వీడియో, కవర్ల మీద అచ్చు వేసిన బంధువుల పేర్లు, వేదికకు దారి చూపే క్యూఆర్ గుర్తు, అన్నీ కలిపి ఒకే డిజైన్‌గా, ఒకే ధరకు ఇవ్వండి. పేర్ల జాబితాను వారి చేత ఎక్సెల్‌లో నింపించుకుంటే, డిజిటల్ యంత్రం ప్రతి కవరు మీదా వేరే పేరు వేస్తుంది. శ్రీమతి మరియు శ్రీ అని తమ పేరు అచ్చులో చూసుకున్న పెద్దవారి సంతోషాన్ని నేను స్వయంగా చూశాను, ఆ ఒక్క సౌకర్యం కోసమే ఎక్కువ ధర ఇచ్చిన కుటుంబాలు ఉన్నాయి. క్యూఆర్ గుర్తును మాత్రం అచ్చుకు ముందు రెండు మూడు ఫోన్లతో చదివించి చూడండి. బంగారు ఫాయిల్ మీద వేస్తే చాలా ఫోన్లు దాన్ని చదవలేవు, తెల్లని నేపథ్యం మీద నల్లగానే వేయండి.

చివరిగా, డిజిటల్ ఆహ్వానాన్ని ఎప్పుడూ పీడీఎఫ్‌గానో, బొమ్మగానో, వీడియోగానో మాత్రమే ఇవ్వండి. 2024 నుంచి పెళ్లి పిలుపు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేవి) పంపి, తెరిచినవారి ఫోన్‌లోకి చొరబడి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్న మోసాల గురించి పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆ భయంతో కొందరు పెద్దవారు నిజమైన పిలుపును కూడా తెరవడం మానేశారు. అందుకే నేను చేసే ప్రతి కాగితపు కార్డు మీదా పిలిచేవారి ఫోన్ నంబరును పెద్ద అక్షరాల్లో వేస్తాను, డిజిటల్ ప్రతిలోనూ అదే నంబరు అదే చోట ఉంటుంది. అనుమానం వచ్చినవారు ఆ నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఇప్పటికే ఎవరైనా మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయమని చెప్పండి. మీ ఆర్డరు ఫారం నమూనా సిద్ధమయ్యాక ఇక్కడ పెట్టండి. అనుమతి గడి, ప్రూఫ్ సంతకం, బొమ్మల హక్కు, ఈ మూడు చోట్లా మాటలు ఎలా ఉండాలో చూసి చెబుతాను.